స్టోన్‌హౌస్‌పేట ముఠా మేస్త్రి: టీబీ, షుగర్, లివర్ ఒకేసారి వచ్చిన కేసు

నెల్లూరులో డాక్టర్లకు కొరత లేదు. పొగతోటలో రెండు వీధులు తిరిగితే షుగర్‌కు ఒక క్లినిక్, గుండెకు ఒకటి, కిడ్నీకి ఒకటి కనిపిస్తాయి. దర్గామిట్టలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. పేటల్లో ఆర్‌ఎంపీలు, మలుపు మలుపుకీ మెడికల్ షాపులు సరేసరి. టీబీతో పాటు ఇంకో మూడు నాలుగు జబ్బులున్న మనిషికి కష్టం వచ్చేది కూడా ఇక్కడే. జబ్బుకో డాక్టరు, డాక్టరుకో చీటీ. ఆ చీటీలన్నీ ఒక బల్ల మీద పరిచి చదివే మనిషి ఉండడు. ఛాతీ వైద్యుడిగా నేను చూసిన ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాయాలనుకున్నది అందుకే. పేషెంటు, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 47. స్టోన్‌హౌస్‌పేట బియ్యం కొట్ల దగ్గర బస్తాలు దించే ముఠాకు మేస్త్రి. భార్య సాయంత్రాలు ఇడ్లీ, దోసె బండి నడుపుతుంది. రెండు గదుల అద్దె ఇల్లు. అందులో ఆయన తల్లి, పెద్ద కూతురు, ఆ కూతురి మూడేళ్ల కొడుకు కూడా ఉంటారు. రోజుకు రెండు కట్టల బీడీలు. పని దిగాక రోజూ క్వార్టర్, ఆదివారం ఇంకొంచెం ఎక్కువ.

మూడు నెలల నుంచి దగ్గు. సాయంత్రం పూట సన్నగా జ్వరం, రాత్రి చెమటలు. బరువు 58 కిలోల నుంచి 46కు పడిపోయింది. ఎత్తు 165 సెంటీమీటర్లు కాబట్టి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 17 లోపే, అంటే బాగా తక్కువ. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రోజుకు రెండు పూటలా వేసుకుంటున్నాడు. ఆ చీటీ రెండేళ్ల నాటిది. మధ్యలో ఒక్కసారి కూడా రక్త పరీక్ష చేయించలేదు, షాపులో పాత చీటీ చూపించి మాత్రలు తెచ్చుకుంటున్నాడు.

బరువు తగ్గుతుంటే ఇంట్లో ఎవరూ కంగారు పడకపోవడానికి కారణం షుగరే. "షుగరోళ్లు చిక్కిపోతారు గదా సార్, అందుకనే అనుకున్నాం" అంది భార్య. ఇది నేను చాలా ఇళ్లలో విన్న మాట. షుగర్ ఉన్నవాళ్లు బరువు తగ్గడం నిజమే, కానీ దగ్గుతో పాటు తగ్గుతుంటే ముందు చూడాల్సింది కళ్లె. షుగర్ లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లలో టీబీ జబ్బుగా బయటపడే ముప్పు రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువ. క్రిమిని మింగి చంపాల్సిన రక్షక కణాలు చక్కెర ఎక్కువైన రక్తంలో మందగిస్తాయి. మరో పక్క టీబీ తెచ్చే జ్వరం, ఒత్తిడి హార్మోన్లు షుగర్‌ను ఇంకా పైకి నెడతాయి. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

ఈ మూడు నెలల్లో ఆయన ఊరికే కూర్చోలేదు. ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు, మెడికల్ షాపులో దగ్గు సిరప్పు, ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ కనిపిస్తే న్యుమోనియా అని లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. నాలుగు రోజులు జ్వరం తగ్గింది, ఆకలి వేసింది, మళ్లీ మొదలైంది. మళ్లీ అదే మందు ఇంకో కోర్సు.

ఇక్కడ రెండు విషయాలు చెప్పాలి. టీబీ సాధారణంగా ఊపిరితిత్తి పైభాగాన్ని పట్టుకుంటుందని మనందరం చదువుకున్నాం. షుగర్ ఉన్నవాళ్లలో అది కింది భాగంలో కూడా తరచుగా వస్తుంది, అందుకే న్యుమోనియాలా కనిపిస్తుంది. రెండోది, లెవోఫ్లాక్సాసిన్‌కు టీబీ క్రిమి మీద కూడా పని ఉంది. అది ఒంటరిగా కొన్ని రోజులు ఇస్తే జబ్బు కాస్త అణిగి, రోగ నిర్ధారణ వారాల తరబడి వెనక్కి పోతుంది. పైగా రేపు మొండి టీబీకి అవసరమయ్యే ఒక మంచి మందును క్రిమికి ముందే అలవాటు చేసినట్లవుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయకుండా ఈ మందు రాయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పని గురించి అడిగేటప్పుడు దుమ్ము గురించి కూడా అడుగుతాను. ఈయనది బియ్యం దుమ్ము, ఊక. అదే చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోనో, ఒంగోలు చుట్టుపక్కల రాళ్లు కోసే, పాలిష్ చేసే యూనిట్లలోనో, మార్కాపురం పలకల పనిలోనో చేసి వచ్చిన మనిషైతే సిలికా దుమ్ము లెక్కలోకి వస్తుంది. గూడూరు, సైదాపురం మైకా గనుల్లో పాతికేళ్ల కిందట పనిచేసిన ముసలివాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. సిలికా దుమ్ముతో వచ్చే సిలికోసిస్ జబ్బు ఉన్న ఊపిరితిత్తిలో టీబీ ముప్పు ఎక్కువ, ఎక్స్‌రే చదవడం కష్టం, కోర్సు కూడా ఎక్కువ కాలం నడపాల్సి రావచ్చు. ఒకప్పుడు ఏం పని చేశావని అడగకపోతే ఇది ఎప్పటికీ బయటికి రాదు.

పరీక్షలు

కళ్లెలో టీబీ క్రిమి రెండు ప్లస్సులు (క్రిమి ఎంత ఎక్కువుంటే అన్ని ప్లస్సులు). క్రిమి జన్యువులను చూసే సీబీనాట్ పరీక్షలో టీబీ ఉంది, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు నిరోధకత లేదు, అంటే అది పనిచేస్తుంది. మరో ముఖ్యమైన టీబీ మందు ఐసోనియాజిడ్‌కూ, లెవోఫ్లాక్సాసిన్‌కూ లొంగుతుందో లేదో తేల్చడానికి నమూనా పంపాం. తర్వాత వచ్చిన రిపోర్టులో రెండింటికీ లొంగుతుందనే ఉంది. ఎక్స్‌రేలో మచ్చ మధ్యలో ఇప్పుడు గుంత కూడా కనిపించింది.

ఇక మిగతావి. పరగడుపు షుగర్ 268, మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 11.4. హిమోగ్లోబిన్ 9.2. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 2.8, అంటే తక్కువ. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ 1.1తో బాగానే ఉంది కానీ మూత్రంలో ప్రొటీన్ పోతోంది, అంటే కిడ్నీ మీద షుగర్ చెయ్యి పడింది. లివర్ దెబ్బను చూపే ఎంజైములు ఎస్‌జీఓటీ 118, ఎస్‌జీపీటీ 62. మొదటిది రెండో దానికి దాదాపు రెట్టింపు ఉండటం మద్యం దెబ్బతిన్న లివర్‌లో చూస్తాం. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి లేవు. హెచ్‌ఐవీ పరీక్ష టీబీ పేషెంట్లందరికీ చేయాల్సిందే, అందులో అనుమానం, అవమానం ఏమీ లేవని ముందే చెప్పి చేయిస్తాం.

కళ్ల డాక్టరు దగ్గరికి పంపితే షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక పొర) దెబ్బతినడం మొదలైందని తేలింది. ఎరుపు, ఆకుపచ్చ రంగులు గుర్తుపట్టే పరీక్ష మాత్రం బాగుంది. అది ముందే చూసి రాసిపెట్టుకోవడం ముఖ్యం. టీబీ మందుల్లో ఒకటైన ఎథాంబ్యుటాల్ కంటి నరాన్ని దెబ్బతీస్తే మొదట తేడా పడేది ఈ రంగుల దగ్గరే. తర్వాత చూపు తగ్గిందంటే మందు వల్లా, షుగర్ వల్లా అనేది తేల్చడానికి మొదటి రోజు రిపోర్టు చేతిలో ఉండాలి. అరికాళ్లలో స్పర్శ అప్పటికే తగ్గి ఉంది.

ఇంకో పరీక్షకు మిషను అక్కర్లేదు. నిద్ర, ఆకలి, ఆసక్తి, చచ్చిపోవాలనే ఆలోచన, వీటి మీద తొమ్మిది ప్రశ్నలు. ఆయన స్కోరు 14, అంటే మధ్యస్థాయి డిప్రెషన్. చావు ఆలోచనలు లేవు. "ముఠాలో నా ముందర ఎవురూ బస్తా ఎత్తలేక పొయ్యేవాళ్లు సార్. ఇప్పుడు బిందె ఎత్తలేను" అని ఏడ్చాడు.

మొదలుపెట్టిన వైద్యం

కేసును ప్రభుత్వ టీబీ నమోదు వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్‌లో నమోదు చేశాం. 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రతి టీబీ కేసునూ ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. ప్రైవేటులో చూపించుకున్నా ప్రభుత్వ టీబీ కార్యక్రమం మందులు ఉచితంగానే అందుతాయి, పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2018లో 500తో మొదలైన ఈ సాయం 2024 నవంబరు నుంచి రెట్టింపైంది.

బరువు 46 కాబట్టి నాలుగు మందులు (ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబ్యుటాల్) కలిసిన మాత్రలు రోజుకు మూడు. అరికాళ్ల సంగతి తెలుసు కాబట్టి బి6 విటమిన్ మొదటి రోజు నుంచే. ఐసోనియాజిడ్ శరీరంలో బి6ను తగ్గించి నరాలను దెబ్బతీస్తుంది. షుగర్, మద్యం, పోషణ లోపం, ఈ మూడూ ఆ ముప్పును పెంచేవే. ఈయనకు మూడూ ఉన్నాయి.

షుగర్‌కు ఇన్సులిన్ పెట్టాలన్నాను. ఇంట్లో ఒప్పుకోలేదు. "సూది మొదలుపెడితే ఇంక జీవితాంతం సూదే అంట గదా" అన్నాడు. రెండు వారాలు మాత్రలతోనే చూద్దామని, ఇంట్లో మీటరుతో పరగడుపున, రాత్రి భోజనానికి ముందు చూసి నోటు పుస్తకంలో రాయాలని ఒప్పందం చేసుకున్నాం.

పన్నెండో రోజుకు పరగడుపు షుగర్ 310 దాటింది. ఒక రాత్రి 420. తిండి పెద్దగా మారలేదు, మాత్రలు మానలేదు. దీన్ని ఊహించే ఇన్సులిన్ అన్నాను. రిఫాంపిసిన్ లివర్‌లో మందులను కరిగించే ఎంజైముల పనిని బాగా పెంచుతుంది. ఒకటి రెండు వారాల్లో అది పూర్తి స్థాయికి చేరుతుంది. అప్పటి నుంచి గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర రక్తంలో నిలవాల్సినంత నిలవదు. మాత్ర అదే, మోతాదు అదే, పని మాత్రం తగ్గిపోతుంది. కొలెస్టరాల్‌కు ఇచ్చే అటార్వాస్టాటిన్, బీపీకి ఇచ్చే అమ్లోడిపిన్, రక్తం పలచబరిచే వార్ఫరిన్, కుటుంబ నియంత్రణ మాత్రలు, కొన్ని హెచ్‌ఐవీ మందులు, అన్నిటి మీదా ఈ ప్రభావం ఉంటుంది. మెట్‌ఫార్మిన్ లివర్‌లో కరిగేది కాదు కాబట్టి దాని పని తగ్గదు. ఇన్సులిన్‌కు ఈ గొడవ లేదు.

నోటు పుస్తకంలో తను రాసుకున్న అంకెలు చూసుకున్నాక ఆయనే సరేనన్నాడు. ఉదయం 10 యూనిట్లు, రాత్రి 6తో మొదలుపెట్టి మెల్లగా పెంచాం. గ్లిమెపిరైడ్ ఆపేశాం. మెట్‌ఫార్మిన్ ఉంచాం, తాగిన రోజు వేసుకోవద్దని గట్టిగా చెప్పి. ఇంట్లో ఫ్రిజ్ లేదు. నెల్లూరు ఎండలకు ఇన్సులిన్ సీసా బయట పెడితే చెడిపోతుంది. మట్టి కుండలో నీళ్లు పోసి, మూత బిగించిన చిన్న డబ్బాలో సీసా పెట్టి, ఆ డబ్బాను అందులో ఉంచమని చెప్పాం. భార్య ఆ కుండను వంటింటి చీకటి మూలలో పెట్టి రోజూ నీళ్లు మార్చేది.

తిండి తగాదా

ఈ కేసులో నాకు ఎక్కువ సమయం పట్టింది మందుల దగ్గర కాదు, అన్నం దగ్గర. షుగర్ క్లినిక్ చీటీ మీద రాత్రి అన్నం బంద్, రెండు పుల్కాలు అని రాసి ఉంది. టీబీ కార్యకర్త ఇంటికి వచ్చి బాగా తినాలి, గుడ్లు, పాలు, పప్పు అని చెప్పింది. పక్కింటివాళ్లు అరటిపండు తింటే దగ్గు పెరుగుతుందన్నారు. "ఒకరు తినమంటారు, ఒకరు మానమంటారు. నేనేం చేసేది సార్?" అని అడిగాడు. చేసిందేమంటే రెండు పూటలా కాస్త మజ్జిగన్నం తిని ఊరుకోవడం.

46 కిలోల మనిషికి, ఆల్బుమిన్ 2.8 ఉన్న మనిషికి తిండి తగ్గించే ప్రశ్నే లేదు. తిండికి తగ్గట్టు ఇన్సులిన్ పెరగాలి, షుగర్ అంకె కోసం తిండి తగ్గకూడదు. ఈ మాట షుగర్ క్లినిక్ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను, ఆయన వెంటనే ఒప్పుకున్నారు. జార్ఖండ్‌లో జరిగి 2023లో ఫలితాలు అచ్చైన రేషన్స్ అధ్యయనం ఈ విషయంలో మనకు పెద్ద ఆధారం. అందులో రోగులకు ఆహార సాయం ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. ఇంట్లో మిగతావాళ్లకు కూడా ఆహార సాయం ఇచ్చిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మన ఇళ్లలో పోషణ లోపం ఇప్పటికీ టీబీకి అతి పెద్ద తోడుజబ్బు. అది రక్త పరీక్షలో పేరుతో కనిపించదు కాబట్టి దాన్ని జబ్బుగా లెక్కవేయం.

భార్యతో కూర్చుని రోజు తిండి రాసుకున్నాం. పొద్దున బండికి రుబ్బే పిండిలోంచే ఇడ్లీలు, పక్కన పల్లీ చట్నీ దండిగా. పదింటికి ఉడకబెట్టిన గుడ్డు. మధ్యాహ్నం కొలత ప్రకారం అన్నం, గట్టి పప్పు, వీలైనప్పుడు చేప. సాయంత్రం ఉడికించిన పెసలో శెనగలో. రాత్రి రాగి సంకటి, కూర, ఇంకో గుడ్డు. పడుకునే ముందు గ్లాసు పాలు, చక్కెర లేకుండా. కొత్తగా కొనాల్సింది గుడ్లు, పాలు, చేపే. నెలకు పడే వెయ్యి రూపాయలు వాటికి పూర్తిగా సరిపోవు, కానీ గుడ్ల ఖర్చులో చాలావరకు తీరుతుంది.

ఐదో వారం

ఐదో వారంలో వాంతులు మొదలయ్యాయి. మూత్రం ఎర్రగా ఉందన్నాడు. రిఫాంపిసిన్ వేసుకునేవాళ్లకు మూత్రం నారింజ రంగులో రావడం మామూలే, కాబట్టి దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. చెప్పేవి కళ్లు. అవి పచ్చగా ఉన్నాయి. కానీ నా దగ్గరికి రావడానికి ముందే మూడు రోజులు పోయాయి. ఎవరో చెబితే కామెర్లకు పసరు తాగాడు. ఒళ్లు నొప్పులకు షాపులో పారాసిటమాల్ తెచ్చి వేసుకున్నాడు. ముఠా వాళ్లతో తాగుడు కూడా ఆగలేదు. తిండి దాదాపు లేదు. ఇన్సులిన్ మాత్రం భార్య భయంతో, శ్రద్ధతో, రాసిన మోతాదు రాసినట్టే ఇచ్చింది.

ఆ ఉదయం ఆయన పిలిస్తే పలకలేదు. మీటరులో 52. ఆమె పంచదార నీళ్లు తాగించి ఆటోలో తీసుకొచ్చింది. షుగర్ చూసి వెంటనే తీసుకురావడం సరైన పనే, కానీ పిలిస్తే పలకని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తినని రోజు ఇన్సులిన్ తగ్గించి ఫోన్ చేయాలనే మాట ఇన్సులిన్ మొదలుపెట్టే రోజే ఇంటివాళ్లకు పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి. ఈయన చీటీ మీద అది ఉంది, కానీ ఆమెకు చదువు రాదు, చదివి చెప్పాల్సిన కూతురు ఆ వారం ఊళ్లో లేదు. అప్పటి నుంచి మేం బొమ్మ వేసి ఇస్తున్నాం: ఖాళీ కంచం, దాని పక్కన సగమే నిండిన సూది, కింద ఫోన్ గుర్తు.

కామెర్లను కొలిచే బిలిరుబిన్ 3.1, ఎస్‌జీపీటీ 286. కామెర్లు, వాంతులు ఉన్నప్పుడు ఎస్‌జీపీటీ సాధారణ పరిమితికి మూడు రెట్లు దాటితే చాలు, లివర్‌ను దెబ్బతీసే మందులు ఆపాలి. ఇది ఏడు రెట్లు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ ఆపేశాం. మెట్‌ఫార్మిన్ కూడా. వార్డులో చేర్చాం.

కళ్లెలో ఇంకా క్రిమి ఉన్న మనిషికి టీబీ మందులు పూర్తిగా ఆపలేం. లివర్ మీద అంతగా భారం వేయని మందులతో నెట్టుకు రావాలి. ఎథాంబ్యుటాల్ ఉంది. రెండోదిగా అమికాసిన్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు కానీ మూత్రంలో ప్రొటీన్ పోతున్న షుగర్ పేషెంటు కిడ్నీలకు అది మంచిది కాదు. లెవోఫ్లాక్సాసిన్ ఎంచుకున్నాం, క్రిమి దానికి లొంగుతుందన్న రిపోర్టు చేతిలో ఉంది కాబట్టి. ఆ మందుకు షుగర్‌ను ఒక్కసారిగా పైకో కిందికో తీసుకుపోయే గుణం ఉంది, అందుకని నాలుగు గంటలకోసారి మీటరు పెట్టాం.

చేరిన రెండో రాత్రి ఇంకో సమస్య. చేతులు వణకడం, చెమటలు, మంచం మీద బస్తాలు లెక్కపెట్టడం. నర్సు మొదట షుగర్ పడిపోయిందనుకుంది, చూస్తే 190. మద్యం ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో వచ్చే మతిభ్రమ ఇది. టీబీ వార్డుల్లో ఇది తరచుగా లివర్ వల్ల మెదడు మందగించడంతో కలగాపులగమవుతుంది. అందుకే రెండింటికీ చూశాం. చేర్చినప్పుడే, గ్లూకోజు పెట్టకముందే థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ ఇచ్చి ఉంచాం. మత్తు మందుల్లో లోరజెపామ్ వాడాం, దెబ్బతిన్న లివర్‌కు మిగతావాటికంటే అది నయం. మూడు రోజుల్లో తేరుకున్నాడు.

ఆ తేరుకున్న వారంలోనే మానసిక వైద్యుడు మొదటిసారి ఆయనతో మాట్లాడారు. మద్యం గురించి నేను అంతకు ముందు చెప్పిన ప్రతిసారీ ఆయన తల ఊపేవాడు. ఈసారి తల్లి, భార్య ముందు తనే చెప్పాడు, ఎప్పుడు, ఎంత, ఎందుకు తాగుతున్నాడో. బస్తా ఎత్తలేనని తెలిసిన రోజు నుంచి తాగుడు పెరిగింది. డిప్రెషన్ మందు అప్పుడే వద్దనుకున్నాం. లివర్ కుదుటపడే దాకా వారం వారం మాటలతోనే నడిచింది, ఆ తర్వాత దాని అవసరం కూడా రాలేదు.

మందులు మళ్లీ

రెండున్నర వారాలకు ఎస్‌జీపీటీ 80 లోపుకు, బిలిరుబిన్ మామూలుకు వచ్చాయి. ముందు రిఫాంపిసిన్, ఎథాంబ్యుటాల్. వారం చూసి, రక్త పరీక్ష చేసి, ఐసోనియాజిడ్. రెండూ పడ్డాయి. పైరజినమైడ్ జోలికి మళ్లీ పోలేదు. నాలుగింట్లో లివర్‌ను ఎక్కువగా దెబ్బతీసేది అదే, ఈ లివర్‌తో ఆ సాహసం అనవసరం. అది లేనప్పుడు ఆరు నెలల కోర్సు తొమ్మిది నెలలవుతుంది. ఈ మూడు నెలల తేడా గురించి ఇంట్లో చాలా చర్చ నడిచింది, ఒప్పుకున్నారు.

రెండో నెల చివర కళ్లెలో ఇంకా ఒక ప్లస్ ఉంది. షుగర్ ఉన్నవాళ్లలో క్రిమి ఆలస్యంగా పోవడం కొత్త కాదు, మధ్యలో ఆటంకం కూడా వచ్చింది. అయినా నిరోధకత పరీక్ష మళ్లీ చేయించాం, మార్పు లేదు. మూడో నెలకు కళ్లె శుభ్రమైంది. ఆరో నెలలో బరువు 51.5 కిలోలు. అప్పుడు మాత్రల సంఖ్య మూడు నుంచి నాలుగుకు పెంచాం. బరువు ఐదు కిలోలు పెరిగి తర్వాతి తరగతిలోకి వెళ్లినప్పుడు మోతాదు మార్చాలి. బరువు పెరిగిందని సంతోషించి ఇది మర్చిపోయే చోట్లు చాలా ఉన్నాయి.

షుగర్ ఇంకో దారిలో నడిచింది. జబ్బు అణిగేకొద్దీ ఇన్సులిన్ అవసరం తగ్గింది. హెచ్‌బీఏ1సీ మూడో నెలలో 7.9, ఆరో నెలలో 7.2. మొదట్లో రక్తహీనత ఉన్నందువల్ల ఈ అంకెను ఒంటరిగా నమ్మలేదు, నోటు పుస్తకంలోని మీటరు అంకెలతో పోల్చుకుంటూ వచ్చాం. మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలైంది, ఇన్సులిన్ రాత్రి ఒక్క పూటకు దిగింది.

ఇంట్లో మిగతావాళ్లు

పిల్లవాడికి మూడేళ్లు. దగ్గు, జ్వరం లేవు, ఎక్స్‌రే బాగుంది, బరువు పెరుగుతున్నాడు. ఐదేళ్ల లోపు పిల్లల్లో టీబీ మెదడు దాకా పోయే ప్రమాదం ఉంది కాబట్టి ముందుజాగ్రత్తగా ఆరు నెలలు ఐసోనియాజిడ్ ఇచ్చాం. కూతురికి ఏమీ లేదు. తల్లి ఏళ్ల తరబడి దగ్గుతోంది, అది కట్టెల పొయ్యి పొగ వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు. ఆమెకు పీల్చే మందు రాశాం.

భార్యకు టీబీ లేదు. షుగర్ ఉంది. పరగడుపున 148, మళ్లీ చూస్తే 152. తనకు షుగర్ ఉందని ఆమెకు తెలియదు. రోజంతా పొయ్యి దగ్గర నిలబడి, రాత్రి భర్తకు సూది వేసి, ఆఖర్న మిగిలింది తినే మనిషి తన రక్తం ఎప్పుడూ చూపించుకోలేదు. టీబీ ఉన్న ప్రతి ఒక్కరికీ షుగర్ చూడాలని, షుగర్ క్లినిక్‌లో ప్రతి ఒక్కరినీ దగ్గు గురించి అడగాలని మన దేశంలో 2017 నుంచి ఉమ్మడి మార్గదర్శకాలున్నాయి. ఇంట్లోవాళ్లను టీబీ కోసం పిలిచినప్పుడు వేలికి ఒక్క చుక్క రక్తం తీసి షుగర్ కూడా చూడటం దానికి తోడు చేయాలి. ఖర్చు చాలా తక్కువ.

ఆమె బండి దగ్గర ఇంకో నష్టం జరిగింది. భర్తకు టీబీ అని తెలిసి పాత గిరాకీ సగం మానేసింది. టీబీ గాలిలో, దగ్గిన తుంపరలతో అంటుకుంటుంది. కంచం, గ్లాసు, ఇడ్లీల ద్వారా అంటదు. సరైన మందులు మొదలుపెట్టి కొన్ని వారాలు గడిస్తే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఈ మాటలు మా ఆరోగ్య కార్యకర్త ఆ వీధిలోనే, ఆ బండి దగ్గర ఇడ్లీ తింటూ చెప్పింది. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

ఒక్క కాగితం

ఐదో వారం తర్వాత ఆయన ఫైలు పైన ఒక కాగితం అంటించాం. ఎవరు ఏ మందు రాసినా అందులో ఎక్కాలి. మందు పేరు, ఎవరు రాశారు, ఏ రోజు మొదలు, ఏ రోజు ఆగింది, దాని పక్కనే ఇది ఏ మందు మీద పడుతుంది అని ఒక వరుస. పసరు, షాపు మాత్రలు కూడా ఇందులోనే రాస్తాం. షుగర్ డాక్టరు, కళ్ల డాక్టరు, మానసిక వైద్యుడు, నేను, అందరం దానిమీదే రాశాం. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు, ఫోటో భార్య ఫోనులో ఉంది. నెల్లూరులో ఇదేమంత కష్టం కాదు, మేమంతా అర కిలోమీటరు దూరంలోనే ఉన్నాం. ఎవరో ఒకరు ఈ కాగితం నాది అనుకోవాలి, అంతే. టీబీ చూసే డాక్టరే అనుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ తొమ్మిది నెలలు మిగతా మందుల లెక్కలన్నీ తారుమారు చేసేది ఆయన రాసిన రిఫాంపిసినే.

కోర్సు ముగిసేటప్పుడు ఆ కాగితం మరీ అవసరమైంది. చివరి మాత్ర వేసుకున్న రోజుతో రిఫాంపిసిన్ ప్రభావం పోదు, మెల్లగా రెండు వారాల్లో తగ్గుతుంది. లివర్ మళ్లీ మామూలు వేగానికి వచ్చాక, రిఫాంపిసిన్ రోజుల్లో పెంచిన మోతాదులు ఎక్కువైపోతాయి. బీపీ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు కోర్సు అయిపోయిన నెలలో కళ్లు తిరిగి పడిపోవడం, రక్తం కారడం ఇందువల్లే. ఈయనకు ఇన్సులిన్ మానిపించి గ్లిమెపిరైడ్ తిరిగి పెడదామని షుగర్ డాక్టరు అన్నారు. రిఫాంపిసిన్ ఆగిన రెండు వారాల తర్వాత ఒక మిల్లీగ్రాముతో మొదలుపెట్టమని, మొదటి వారం రోజూ మీటరు చూడమని కోరాను. అలాగే చేశారు. ఒక్కసారి కూడా 80 కిందికి పోలేదు.

ఇప్పుడు

తొమ్మిదో నెల చివర కళ్లె పరీక్ష, కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) రెండింట్లోనూ క్రిమి లేదు. బరువు 56. కంటి పరీక్షలో రంగులు మొదటి రోజు లాగే ఉన్నాయి, రెటీనాకు మాత్రం లేజర్ చేయించాల్సి వచ్చింది. తాగుడు మానేశాడు, మధ్యలో ఒకసారి పండగకు తాగి మరుసటి రోజే వచ్చి చెప్పాడు. బీడీలు రోజుకు నాలుగుకు తగ్గాయి, ఇంకా పూర్తిగా పోలేదు. దాని మీద పని నడుస్తోంది.

ఎక్స్‌రేలో గుంత చిన్న మచ్చగా మిగిలింది. ఊపిరి పరీక్షలో సామర్థ్యం ఉండాల్సిన దానిలో 68 శాతం. టీబీ నయమైనా ఊపిరితిత్తికి ఇంత నష్టం మిగలడం తరచుగా చూస్తాం. ఇక బస్తాలు ఎత్తొద్దన్నాను. ముఠాలో లెక్కలు రాసే పని చూసుకున్నాడు, కూలి తక్కువే. కోర్సు తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి రావాలి, దగ్గు మళ్లీ మొదలైతే ఆగకుండా కళ్లె ఇవ్వాలి. షుగర్ ఉన్నవాళ్లలో టీబీ తిరగబెట్టే ముప్పు కూడా ఎక్కువ కాబట్టి ఈ రెండేళ్లూ హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి చూస్తాం. భార్య మెట్‌ఫార్మిన్ వాడుతోంది, పోయిన నెలలో ఆమె పరగడుపు షుగర్ 118.